నేనే చేశానన్న పులుపు నూనె

ఎండుమిరపకాయలు కాలే ఘాటుకు మొదట దగ్గేది మా పైవాటా అమ్మాయి. ఆత్మకూరులో మేముండే మేడకు కిటికీలన్నీ ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి, నా వంట సంగతి మా ఇంట్లోవాళ్ళకంటే ముందు ఆమె గొంతుకు తెలుస్తుంది. మొన్న ఆదివారం కూడా అంతే. మిరపకాయల మీద అక్కడక్కడా నల్లమచ్చ తేలగానే పైన రెండు దగ్గులు, కిటికీ మూసిన చప్పుడు. మా ఆయన ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని వీధి తలుపు తీస్తూ, "మొదలుపెట్టినావా?" అన్నాడు. నేను చేస్తున్నది పచ్చి కూరగాయ ముక్కల మీద పోసుకునే పులుపు నూనె. వెనిగరు, నూనె, కాల్చిన మిరపకాయలు, వెల్లుల్లి, కాస్త పొగ, అంతే. దాన్ని నాకు నేర్పింది సుశీలమ్మ అనే ఆమె. ఆ పేరు బయటికి చెప్పడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

టీచరుగా నా మొదటి పోస్టింగు ఉదయగిరిలో. ఒకే ఇంట్లో రెండు వాటాలు. ఒకదానిలో నేను, పక్కదానిలో ఆమె. అప్పటికే డెబ్బై దాటిన మనిషి. ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి రిటైరైంది. ఆమె తల్లి ఎప్పుడో మిషన్ బంగళాలో ఒక దొరసాని దగ్గర వంటమనిషి. ఆ దొరసాని పచ్చి ముక్కల మీద వెనిగరు, నూనె కలిపి పోసుకునేదట. "మా అమ్మ నాలిక్కు అది ఏం తెలీలా. రెండు మిరపకాయలు నిప్పుల మీద కాల్చి, నూరి కలిపేసింది. దొరసాని కండ్లనీళ్ళు పెట్టుకుంటానే గిన్నె ఖాళీ చేసిందంట" అని సుశీలమ్మ నవ్వేది. ఆదివారం చర్చి నుంచి రాగానే ఆమె దోసకాయ, ఉల్లిపాయ, టమాటా తరిగి, ఆ నూనె పోసి, ఒక గిన్నె మా మధ్య పిట్టగోడ మీద పెట్టేది. ఖాళీ గిన్నె తిప్పి పంపకూడదు కనుక నేను అందులో ఊరి నుంచి వచ్చిన పెసలో మినుములో పోసి ఇచ్చేదాన్ని. మా మధ్య అంతకుమించి రాకపోకలు ఉండేవి కావు.

మాది చేజర్ల పక్కన పల్లె. మా అమ్మ ఎక్కడ తిన్నా, ఎవరి చేతి వంటో అడిగి తెలుసుకున్నాకే కంచంలో చెయ్యి పెడుతుంది. ఆ ప్రశ్నకు అర్థమేమిటో, ఏ జవాబుకు ఆమె చెయ్యి వెనక్కి పోతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. అది తప్పని నాకు చదువుకునే రోజుల నుంచీ తెలుసు. బళ్ళో పిల్లలకు తప్పని చెప్పాను కూడా. అమ్మకు మాత్రం చెప్పలేదు.

ఒకసారి అమ్మ జ్వరం తగ్గాక నా దగ్గరికొచ్చింది. నోరంతా చేదై, గంజి కూడా పోవడం లేదు. ఆదివారం గిన్నె వచ్చింది. ఏమీ ఆలోచించకుండా రెండు చెంచాలు ఆమె కంచంలో వేశాను. ఆమె కూడా నీరసంలో అడగడం మరిచిపోయింది. ఒక ముక్క తిన్నది, ఇంకోటి తిన్నది, తర్వాత అన్నంలో కలుపుకుంది. "ఇదేందిమే, నాలిక్కు ప్రాణమొచ్చినట్టుండాది. ఎవరు చేసినారు?" అన్నది. సరిగ్గా అప్పుడే సుశీలమ్మ గిన్నె కోసం వచ్చి గడప దగ్గర నిలబడి ఉంది. నేను ఆమెను చూశాను. చూస్తూనే, "నేనే చేసినానమ్మా" అన్నాను. సుశీలమ్మ "మీ పాప చెయ్యి మంచిదమ్మా" అని అమ్మతో అనేసి, గిన్నె తీసుకోకుండానే వెళ్ళిపోయింది. అమ్మ మాత్రం మారు వడ్డించుకుని తిన్నది.

అమ్మను బస్సెక్కించి వచ్చి సుశీలమ్మ గుమ్మం ముందు నిలబడ్డాను. క్షమించమని అడగడానికి మాటలు కూడబలుక్కుంటుంటే ఆమె చేటలో మిరపకాయలు నా చేతికిచ్చి, "అబద్ధమైతే ఆడేసినావు. ఇంక దాన్ని నిజమన్నా చెయ్. తొడిమలు తియ్" అన్నది. కుంపటి రాజేసింది. మిరపకాయలూ, పొట్టు తీయని వెల్లుల్లీ కాల్చి, ఉప్పుతో నూరి, వెనిగర్లో కాసేపు నాననిచ్చింది. ఇక పొగ పట్టించడం నా వంతు. నేను తెలివిగా నిప్పుకణిక ఉన్న గిన్నెను ఆ వెనిగరు మధ్యలో దించి మూత పెట్టాను. ఆమె మూత తీసేసింది. "పులుపుకు పొగ నిలబడదు పాపా. నూనెకే పడతాది." ఆ కణిక గిన్నెను నూనె మధ్యకు మార్చి, కణిక మీద చుక్క నూనె వేసి, పొగ లేవగానే మూసి, ఒక కీర్తన చరణం మెల్లగా పాడింది. చరణం అయ్యేదాకే ఉంచాలి, ఎక్కువైతే మసి వాసన. ఒక వంతు పులుపుకు మూడు వంతులు నూనె, చిటికెడు బెల్లం. ఉదయగిరి చెక్క చెంచాతో చిక్కబడేదాకా గిలకొట్టించింది. చెయ్యి నొప్పి పుడుతుంటే అడిగాను, "నా మీద కోపం రాలేదా అవ్వా?" అని. అప్పటిదాకా ఆమెను సుశీలమ్మగారూ అనేదాన్ని. "ఎందుకు రాదు? వచ్చింది. గిన్నె కూడా వదిలేసి పోయినా గదా" అన్నది. తర్వాత నా గిన్నెలో ముక్క ముంచి రుచి చూసి, ఉప్పు చాలలేదని చెప్పింది.

ఆత్మకూరుకు బదిలీ అయ్యాక ఆ నూనె మా బంధువుల్లో నా పేరు మీదే చలామణీ అయింది. ఎవరింట్లో నలుగురు భోజనానికి కూర్చున్నా "పద్మ నూనె ఏదీ?" అనేవాళ్ళు. ఇప్పుడు చేసేది నేనే కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. ఒకసారి ఉదయగిరి వెళ్ళి చూసి వస్తుంటే సుశీలమ్మ అడిగింది, "మీ అమ్మకు చెప్పినావా?"

"ఇంకా లేదు అవ్వా."

"చెప్పినాక నాకు ఫోన్ చెయ్. ఏమన్నదో నేను వినాల."

చేస్తానన్నాను. ఆ మాట అని రెండేళ్ళు ఊరకున్నాను. అమ్మకు ఒంట్లో బాగుండలేదనీ, ఇంట్లో చుట్టాలున్నారనీ ప్రతిసారీ ఒక సాకు దొరికేది. ఆ తర్వాత ఫోన్ ఉదయగిరి నుంచే వచ్చింది. దుత్తలూరు మీదుగా బస్సులో వెళ్ళి, సమాధి తోటలో ఆఖరి వరసలో నిలబడి వచ్చాను. ఏడవలేదు. ఏడ్చే హక్కు ఉందో లేదో తేల్చుకోలేకపోయాను.

ఆ వారమే అమ్మ వచ్చింది. ఆమె నూనె పోసుకుని కలుపుకుంటుంటే చెప్పాను. ఎవరు నేర్పారో, ఆ మొదటి రోజు తిన్నది ఎవరి చేతి వంటో, సుశీలమ్మ గడపలో నిలబడి విన్న సంగతీ, అంతా. అమ్మ కలిపిన అన్నం కంచంలోనే వదిలేసింది. లేచి చెయ్యి కడుక్కుంది. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. నెలరోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. నేనూ బతిమాలలేదు.

మళ్ళీ వచ్చినప్పుడు భోజనానికి కూర్చుని కంచంలోకి చూసింది. ముక్కలు ఉన్నాయి, నూనె పెట్టే ధైర్యం నాకు లేకపోయింది. "ఒట్టి ముక్కలు పెట్టినావేంది? ఆ సుశీలమ్మ నూనె లేదా?" అన్నది. సీసా తెచ్చి పక్కన పెట్టాను. అమ్మ తిన్నది. నేను వంటింట్లోకి వెళ్ళి, అలవాటుగా ఫోన్ తీసి సుశీలమ్మ నంబరు దాకా వెళ్ళి ఆగిపోయాను. వినాలన్న మనిషి లేదు. అది నా తప్పు, ఇంకెవరిదీ కాదు.

ఇప్పటికీ మూత పెట్టాక ఆ కీర్తన రాగం తీస్తాను. మాటలు నాకు రావు, కొలత కోసమే. మొన్న ఆదివారం రాగం అయిపోయి మూత తీసేసరికి పైవాటా అమ్మాయి దగ్గుకుంటూ కిందికి దిగి వచ్చింది, కోపంగానే. కూర్చోబెట్టి ఒక గిన్నె చేతిలో పెట్టాను. రెండు ముక్కలు తిని, "ఇది మీరే చేశారా అక్కా?" అని అడిగింది.

"ఉదయగిరిలో సుశీలమ్మ అని ఒకామె ఉండేది" అని మొదలుపెట్టాను.