రాజమార్గ్‌లో ఎల్లవ్వ చిలక

సూరత్ రాజమార్గ్ మీద మేడలు ఒకదానికొకటి పొసగవు. టేకు చెక్క ముఖంతో ఒకటి, దొరల కాలపు లావుపాటి స్తంభాలతో ఇంకొకటి, వాటి నడుమ ఇరికించిన అద్దాల దుకాణం. వీటిలో ఎల్లవ్వ తనదనుకునేది ఒక్కటే: భాగల్ దగ్గరి మూడంతస్తుల చెక్కమేడ. అది ఎవరి పేరున ఉందో ఆమెకు అనవసరం.

సిరిసిల్ల నుంచి వచ్చి ఊరి శివారు డిండోలిలో కాపురముంటున్న ఎల్లవ్వ ముప్పై ఏళ్లుగా చీరలకు వేలాడే దారాలు కత్తిరిస్తోంది. ఆ చీరలు మార్కెట్‌లో అప్పగించి, ఈ మేడ అరుగు మీదే రొట్టె తింటుంది. తింటూ పైకి చూస్తుంది. బాల్కనీ చెక్క పలకల నిండా చెక్కిన తీగె, తీగె మీద చిలకలు. ఆకులు నాలుగు వందల పన్నెండు. నాలుగు వందల పదకొండేనన్నవాడి మీదికి ఆమె కత్తెర ఎత్తితే వాడు ఉధ్నా దాకా పరుగెత్తాడట.

ఈ చలికాలం మేడకు మరమ్మతు జరిగింది. పలకలు విప్పి, కడిగి, మళ్లీ బిగించారు. తెల్లారితే ప్రారంభోత్సవం అనగా, అరుగు మీద కూర్చున్న ఎల్లవ్వ తలెత్తి చూసింది. నమలడం ఆపేసింది.

"ఓ సురేశ్! రెండు పలకలు అటుదిటు బెట్టిన్రు."

సురేశ్ అక్కడి పనులు చూసే సూపర్‌వైజర్, డిండోలిలో పెరిగిన తెలుగువాడే. "ఇంజనీరు సాబ్ పాస్ చేసిండు మాసీ. నువ్వు పోయి నీ ధాగాలు కత్తిరించుకో."

"ఒక్క పోగు మిగిల్తె నా చీర వాపస్ జేస్తరు. చిలక తల తప్పితె పాసా?"

"గంత పైకి ఎవరు చూస్తరు?"

"నేను చూసిన గద!"

ముప్పై ఏళ్లుగా ఆమె తప్పులు పట్టినవాళ్లే గానీ, ఆమె పట్టిన తప్పును ఒప్పుకున్నవాడు లేడు. ఇవాళ ఒప్పించకుండా కదలదలచుకోలేదు. దారిన పోయేవాణ్ని ఆపింది.

"భాయ్, ఉప్పర్ దేఖో. తోతా కా సర్ కిధర్?"

అతను వేలితో తీగె వెంట వెళ్లాడు. చిలక తోక, నడుము, ఆ పైన తల ఉండాల్సినచోట దానిమ్మకాయ! పకపకా నవ్వి ఇంకొకరిని పిలిచాడు. వాళ్లు మరో పదిమందిని పిలిచారు. ఆటోలు ఆగాయి, బస్సులు స్టేషన్ దాకా బారులు తీరాయి. ఆ బారులోనే ఇంజనీరు కారు చిక్కుకుంది. ఆయన దిగి, తలెత్తి చూసి, నిచ్చెన తెప్పించాడు.

పలకలు మారాయి. చిలకకు తల వచ్చింది. సురేశ్ చేతులు జోడించాడు.

"ఇగ ఖుషేనా మాసీ? ఇంటికి పో."

ఎల్లవ్వ నడుం మీద చేయి పెట్టుకుని మెడ ఇంకాస్త పైకెత్తింది.

"జర ఆగు బిడ్డా. నిచ్చెన తియ్యకు. మీది అంతస్తు ఇంక చూడలే."