ఒక్క గీత కార్డులు

తిరువూరు బస్టాండు పక్కనున్న చిన్న ల్యాబులో మేరమ్మకు కోపం వచ్చిందంటే, రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లు సూది సంగతి మర్చిపోయి ఆమె ముఖమే చూస్తారు. గాజు పలకలు కడిగే పనిలో చేరి, చూసి చూసి పని నేర్చుకుని, ఆ తర్వాత పరీక్ష రాసి టెక్నీషియన్ అయిన మనిషి. గొంతు పెద్దది. తన కళ్లతో చూస్తే తప్ప ఏదీ నమ్మదు. ఒకరి చేతికి పని అప్పగించడం అసలే చేతకాదు.

ఈస్టర్ వెళ్లిన మంగళవారం వినగడప నుంచి నాగేశ్వరమ్మ తన కోడలు వినీలను తీసుకొచ్చింది. ఏడో నెల. ఒళ్లు కాలిపోతోంది. దగ్గు వచ్చినప్పుడల్లా కడుపు పట్టుకుంటోంది. ఎదురుగా ఉన్న ఆసుపత్రి డాక్టరమ్మ సరోజినీదేవి ఫ్లూ పరీక్ష రాసింది. ఫ్లూ అయితే ఇవాళే మందు మొదలుపెట్టాలని, కడుపుతో ఉన్న మనిషికి ఆలస్యం ప్రమాదమని చెప్పి పంపింది.

మేరమ్మ ముక్కులోంచి పుల్లతో నమూనా తీసి, మందు నీళ్లలో కలిపి, కొత్త పెట్టెలోని కార్డు మీద చుక్కలు వేసింది. ఆ కార్డు మీద కంటికి కనపడకుండా యాంటీబాడీ పూసి ఉంటుంది. ఫ్లూ వైరస్ లోపల ఉండే ప్రొటీన్‌ను పట్టి ఆపడమే దాని పని. పట్టుకుంటే ఒక గీత ఎర్రగా తేలుతుంది. పక్కన ఇంకో గీత జబ్బు ఉన్నా లేకపోయినా వస్తుంది. కార్డు చివరిదాకా తడిసిందని చెప్పడానికే అది. వినీల కార్డు మీద ఆ పక్క గీత ఒక్కటే వచ్చింది. ఫ్లూ లేదని కాగితం ఇచ్చి పంపారు.

కానీ పొద్దుటి నుంచి ఆ పెట్టెలో తీసిన ప్రతి కార్డూ అంతే. ఊరంతా దగ్గుతుంటే ఒక్కరికీ ఫ్లూ లేదా? మేరమ్మ ఆ మాటే యజమాని సురేష్ బాబును అడిగింది. పక్కనుండే కంట్రోల్ గీత వచ్చిందిగా, ఇంకేం కావాలన్నాడతను. ఆ గీతలో ఉన్న యాంటీబాడీ వేరు, అది బాగుంటే ఇదీ బాగున్నట్టేనా అని ఆమె బల్ల మీద కొట్టింది.

సరిగ్గా అప్పుడే, ఇంటింటికీ తిరిగి శాంపిల్సు తెచ్చే నవీన్ కుమార్ దగ్గుతూ లోపలికి వచ్చాడు. పాత పెట్టెలో మిగిలిన చివరి కార్డు మీద నిన్ననే అతనికి రెండు గీతలూ వచ్చాయి. ఇంటికి పొమ్మని పంపేశారు.

"కూర్చో," అంది మేరమ్మ.

"చార్జర్ మర్చిపోయానక్కా. తీసుకుని పోతా."

"తల పైకెత్తు. ఇన్నాళ్లకు పనికొచ్చావు."

కొత్త కార్డు మీద ఒక్క గీతే వచ్చింది. ఇంకో కార్డు వేసింది. దాని మీదా ఒక్కటే. సురేష్ బాబు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆ పెట్టె పక్కన పడేయమన్నాడు.

మేరమ్మ డాక్టరమ్మకు ఫోన్ చేసి సంగతి చెప్పింది. కార్డుతో పనిలేదని, ఆ లక్షణాలు చాలని, వాళ్లను వెనక్కి పంపమని ఆమె అంది. మేరమ్మ పెట్టె చంకలో పెట్టుకుని బస్టాండుకు పరుగెత్తింది. అత్తాకోడళ్లు బల్ల మీదే ఉన్నారు. బస్సు ఇంకా రాలేదు.

"లేదన్నారుగా, మళ్లీ ఇదేంటి?" అంది నాగేశ్వరమ్మ.

"లేదన్నది పాడైపోయిన కార్డండి. తప్పు మాది. మందు ఇప్పుడే మొదలుపెడతారు, లేవండి."

నాగేశ్వరమ్మ బస్టాండంతా వినేలా తిట్టింది. మేరమ్మ తలొంచుకుని విని, వినీల చెయ్యి పట్టుకుని ఆసుపత్రి గుమ్మం దాకా దింపి వచ్చింది. అక్కడి నుంచి నేరుగా పెట్టె దిగిన బస్టాండు పార్శిల్ షెడ్డుకు వెళ్లి, దాన్ని షెడ్డు చూసుకునే దశరథరామయ్య ముందు విసిరికొట్టింది.

"దీన్ని ఎక్కడ పెట్టారండి?"

ఆయన పైకప్పు రేకుల కిందున్న అటక చూపించాడు. మేరమ్మ చెయ్యి పెట్టి, కాలి, వెనక్కి లాక్కుంది. అంత వేడి తగిలితే ఆ కార్డులు పాడైపోతాయి.

"శుక్రవారం దిగిందమ్మా, నిన్న మీరు తీసుకెళ్లేదాకా అక్కడే ఉంది. మీకే ఫోన్ చేశాను, ఎన్నిసార్లు చేశానో. స్విచాఫ్. దాని మీద ఇంకో నంబరు కూడా లేదాయె."

గుడ్ ఫ్రైడే. ప్రతి ఏడూ సిలువ ధ్యానాలకు పోయేముందు ఫోన్ కట్టేసి బీరువాలో పెడుతుంది, ఈస్టర్ ఆరాధన అయ్యాకే తీస్తుంది. పార్శిల్ మీద మొదట నవీన్ నంబరు ఉండేది. కుర్రాడు పట్టించుకోడని పట్టుబట్టి తీయించి, తన నంబరు వేయించింది తనే. నవీన్ ఫోన్ పండగ పూటయినా చేతిలోంచి దిగదు.

తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. పెట్టె తీసుకుని ల్యాబుకు వచ్చి, మిగిలిన కార్డులన్నీ కత్తెరతో అడ్డంగా కత్తిరించి చెత్త డబ్బాలో పోసింది. ఎవరూ పొమ్మనలేదని నవీన్ ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాడు.

"ఇకనుంచి పార్శిల్ మీద నీ నంబరు ఉంటుంది," అంది. "ఫోన్ ఎత్తకపోయావో, చంపుతా."

గొంతు మామూలు గొంతే. అతని ముఖం వైపు మాత్రం చూడలేకపోయింది.