వదిలేసే చోటు కోసం వెతికినవాళ్ళు

మా కుక్కల హాస్టల్ మహేశ్వరం పోయే దారిలో, ఒక ప్లాట్ల వెంచర్ వెనకాల ఉండేది. రేకుల షెడ్డు, చుట్టూ జాలీ కంచె, ఒక బోరు, రెండు వేపచెట్లు. విమానాలు మా నెత్తి మీదుగానే దిగేవి. కొత్తగా వచ్చిన కుక్క మొదట్లో ప్రతి విమానానికీ మొరిగేది. తర్వాత అలవాటుపడి తల కూడా ఎత్తేది కాదు.

అంతకుముందు నేను శంషాబాద్‌లో ఒక ట్రావెల్స్ ఆఫీసులో టికెట్ల పని చూసేదాన్ని. పెళ్ళిళ్ళకో సెలవులకో విమానం ఎక్కేవాళ్ళు ఇంట్లో కుక్కను ఎవరికి అప్పగించాలో తెలియక పడే అవస్థ అక్కడే చూశాను. ఆ ఆఫీసు మూతపడ్డాక మా తమ్ముడూ నేనూ కలిసి హాస్టల్ పెట్టాం. మాది గుంటూరు వైపు కుటుంబం. నాన్న ఉద్యోగం వల్ల ఇటు వచ్చి బడంగ్‌పేట్‌లో స్థిరపడ్డాం. కుక్కల్ని చూసుకోవడం నా వంతు, మనుషుల్ని రప్పించడం తమ్ముడి వంతు. వండిపెట్టడానికీ కడగడానికీ కాపలాకీ పక్క ఊరి పెద్దాయన ఒకాయన ఉండేవాడు. చుట్టుపక్కల అందరూ పిలిచినట్టే నేనూ ఆయన్ని బాపు అనేదాన్ని. ఆయన నన్ను బిడ్డా అనేవాడు.

మొదట్లో ఎవరూ రాలేదు. వెబ్‌సైట్ మీద పెద్ద అక్షరాలతో 'శునక సంరక్షణ నిలయం' అని నేనే రాయించి, ఆ పేరు చూసుకుని మురిసిపోయాను. ఫోన్‌లో వెతికితే మన పేజీ ముందు కనపడేలా చేయడం నేర్పే శిక్షణ తరగతికి తమ్ముడు మైలార్‌దేవ్‌పల్లిలో కొన్ని ఆదివారాలు వెళ్ళాడు. ఒకరోజు వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టి, "అక్కా, నీ కుక్కని ఎక్కడైనా ఉంచాలనుకో. ఏమని వెతుకుతావ్?" అన్నాడు. నేను ఆలోచించకుండా 'ఎయిర్‌పోర్ట్ దగ్గర డాగ్ హాస్టల్' అని కొట్టాను. నువ్వు పెట్టిన పేరుతో నువ్వే వెతకలేదు చూశావా అని నవ్వాడు.

ఆ ఒక్క మాటతో నాకు ఆ విద్య అర్థమైంది. మన గురించి మనం ఏమనుకుంటున్నామో కాదు, అవతలివాడు ఏ మాట కొడతాడో అది పేజీ మీద ఉండాలి. పేరు మార్చాం. మ్యాప్‌లో మా గుర్తు వెంచర్ ప్రహరీకి అవతల ఎవరి ప్లాటులోనో పడి ఉంది. వచ్చినవాళ్ళు గోడ దాకా వచ్చి తిట్టుకుంటూ వెనక్కి పోయేవాళ్ళు. దాన్ని సరిగ్గా మా గేటు మీదికి జరిపాడు. ఒకచోట నా నంబరు, ఒకచోట వాడిది ఉంటే అన్నిచోట్లా నాదే పెట్టాడు. ఎక్కడినుంచో తెచ్చి అతికించిన విదేశీ కుక్కల బొమ్మలు తీసేసి, మా రేకుల షెడ్డునీ, బాపు అన్నం కలపడాన్నీ ఫోన్‌తో తీసి పెట్టాం. ఫొటోల బరువుకి పేజీ తెరుచుకోవడం ఆలస్యమవుతోందని వాటిని చిన్నవి చేశాడు. టీకా కాగితాలు తేవాలా, మా కుక్క పెరుగన్నం తప్ప తినదు, పెడతారా అని జనం ఫోన్‌లో అడిగే ప్రశ్నలకే జవాబులు రాసి ఒక పేజీ చేశాం. కుక్కను తీసుకెళ్ళేటప్పుడు సంతోషంగా ఉన్నవాళ్ళని నాలుగు మాటలు రివ్యూ రాయమని అడిగేవాళ్ళం. రాసిన ప్రతివాళ్ళకీ నేను బదులు రాసేదాన్ని. కొన్ని నెలలకు, ఆ చుట్టుపక్కల కుక్కల హాస్టల్ కోసం ఎవరు వెతికినా మేమే ముందు కనపడేవాళ్ళం. ఆ రోజులు బాగానే ఉండేవి.

మన పేజీ ఏ మాట వెతికినవాళ్ళకి కనపడిందో యజమానికి చూపించే ఉపకరణం ఒకటి ఉంటుంది. ఉచితంగానే దొరుకుతుంది. తమ్ముడు దాన్ని వారం వారం తెరిచి చూసేవాడు. ఒక మధ్యాహ్నం నన్ను కూడా పిలిచాడు. మేం అనుకున్న మాటల కింద వేరే మాటలున్నాయి. ముసలి కుక్కని ఎక్కడ వదలాలి. కుక్క వద్దు, తీసుకునేవాళ్ళు హైదరాబాద్. దూరంగా వదిలితే కుక్క తిరిగి వస్తుందా. ఎవరికీ తెలియకుండా కుక్కని వదిలించుకోవడం ఎలా. సగం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు. ఆ అక్షరదోషాలకి మొదట నవ్వాను. తర్వాత చదవడం ఆపేశాను.

తమ్ముడు ఆపలేదు. ఇంతమంది అడుగుతుంటే జవాబు చెప్పే పేజీ ఒక్కటీ లేదన్నాడు. ఖాళీ ఉన్నచోట మనం కూర్చోవాలని తరగతిలో చెప్పారట. పెంచుకోలేనివాళ్ళ కుక్కలను మనం తీసుకుని, మంచి ఇళ్ళు చూసి పెంపకానికి ఇద్దామన్నాడు. తీసుకున్నందుకు వదిలేవాళ్ళు ఎంతో కొంత ఇస్తారు, ఇల్లు దొరికేదాకా తిండికి సరిపోతుంది. నాకది మంచిపనే అనిపించింది. 'మీ కుక్కకు శాశ్వత ఆశ్రయం' అని వాడు పేజీ రాశాడు. వాడి తెలుగు మోటుగా ఉంటే నేను దిద్దాను. 'మీ నేస్తాన్ని మా చేతుల్లో పెట్టి నిశ్చింతగా వెళ్ళండి' అన్న వాక్యం నాది.

జనం వచ్చారు. కారు మీద సూట్‌కేసులు కట్టుకుని, విమానానికి పోతూ పోతూ దారిలో ఆగేవాళ్ళు. చాలామంది లోపలికి రాకుండా గేటు దగ్గరే తాడు నా చేతికిచ్చేవాళ్ళు. ఒకాయన తెచ్చిన కుక్క కుంటుతోంది. ఏమైందని అడిగితే గమనించలేదన్నాడు. ఒకావిడ కొత్త సోఫాలు వేయించుకున్నామని చెప్పి ఊరుకుంది, ఇంక వేరే కారణం అక్కర్లేదన్నట్టు. ఒక యువజంట కుక్కపిల్లంతే ఉన్న తెల్లటి బొచ్చు కుక్కను తెచ్చారు. దాని పుట్టినరోజుకి కేకు కోసిన ఫొటోలు నాకు చూపించి మరీ వదిలి వెళ్ళారు.

ఒకసారి భార్యాభర్తలిద్దరు ముసలి లాబ్రడార్‌ను తెచ్చారు. దాని రెండు కళ్ళ మీదా తెల్లటి పొర. షికారుకని చెప్పి కారెక్కించారట. ఆమె వంగి దాని మెడ నిమురుతుంటే వీడ్కోలు చెబుతోందనుకున్నాను. మెడపట్టీ విప్పి సంచిలో వేసుకుంది. మంచి తోలండీ, బయటి దేశంలో కొన్నాం అంది. ఆయన నన్ను పక్కకి పిలిచి, ఫొటోలవీ పంపొద్దని, పిల్లలకి అది పొలంలో ఉందని చెప్పామని అన్నాడు. కారు స్టార్టయిన చప్పుడుకి కుక్క తోక ఊపింది. తననీ ఎక్కించుకుంటారనుకుంది. పట్టీ లేని దాని మెడకి నేను షెడ్డులో ఉన్న ఎర్ర రిబ్బను కట్టాను.

కుక్కలు వస్తూనే ఉన్నాయి కానీ షెడ్డు నిండటం లేదు. నేను పొద్దున వచ్చేసరికి రెండు మూడు గదులు ఖాళీగా ఉండేవి. అడిగితే, ఊరవతల ఫామ్‌హౌస్ వాళ్ళు వచ్చి తీసుకెళ్ళారనేవాడు తమ్ముడు. లాబ్రడార్‌ను రిటైరైన దంపతులెవరో ముచ్చటపడి తీసుకెళ్ళారన్నాడు. గుడ్డిదాన్ని కూడా చేరదీసే మనుషులున్నారని ఆ రోజు ఇంటికి వెళ్ళి మావారితో చెప్పుకుని సంతోషపడ్డాను.

తర్వాత ఒక రివ్యూ వచ్చింది. ఒక్క స్టార్. రాసినతను మాకు తెలియని మనిషి, బండి మీద ఆ దారిన పోతూ మా పేరున్న ఆటోని చూశాడట. వీళ్ళు కుక్కల్ని ట్రాలీ ఆటోలో తెచ్చి పాత క్వారీ దగ్గర పారేసి పోతున్నారని రాసి, ఫొటో పెట్టాడు. రాళ్ళ మధ్య లాబ్రడార్ కూర్చుని ఉంది. మెడలో నేను కట్టిన ఎర్ర రిబ్బను.

తమ్ముడికి చూపించాను. వాడు ఫొటో వైపు చూడలేదు, స్టార్ వైపు చూశాడు. అబద్ధపు రివ్యూ అని ఫిర్యాదు పెడతానన్నాడు. అది తీసేయకపోతే తెలిసినవాళ్ళతో మంచివి కొన్ని రాయిస్తే కిందికి పోతుందన్నాడు. "కిందికి పోతే ఇంక ఎవరూ చూడరక్కా," అన్నాడు.

నేను షెడ్డు వెనక్కి వెళ్ళాను. బాపు గిన్నెలు తోముతున్నాడు. గుడ్డి కుక్క ఎక్కడికి పోయిందని అడిగితే చేతిలో గిన్నె కింద పెట్టాడు.

"నన్నడుగుతవేంది బిడ్డా. నీ తమ్ముడు ఎక్కియ్యమన్నడు, ఎక్కిచ్చిన. దించమన్నడు, దించిన. ఒక్కదాన్ని గూడ ఎవ్వలు తీస్కపోలే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు ఎర్కనే అనుకున్న. ఆల్ల తాన తాడు తీస్కునేది నువ్వే గద."

ఆయన్నే వెంటబెట్టుకుని అదే ఆటోలో వెళ్ళాను. క్వారీ పాడుబడి చాలా కాలమైంది. అడుగున ఆకుపచ్చ నీళ్ళు, ఆ నీళ్ళ దాకా దిగే దారి లేదు. మంచి ఎండ. దారి పక్కనే ఆ తెల్లటి చిన్న కుక్క పడి ఉంది. ఊరకుక్కలు దాన్ని బతకనివ్వలేదు. మంచాల మీద పెరిగినదానికి తిరగబడి కరవడం ఏం తెలుస్తుంది. బాపు తన తువ్వాలు దాని మీద కప్పాడు. మిగతావాటిలో కొన్ని కనిపించాయి, కొన్ని కనిపించలేదు. కనిపించినవి ఎలా ఉన్నాయో రాయలేను.

లాబ్రడార్ మాత్రం దింపిన చోటే ఉంది. కళ్ళు లేనిది ఎటని పోతుంది. ఎముకలు తేలాయి, ఒక చెవికి పురుగు పట్టింది. ఆటో చప్పుడు వినగానే లేవబోయి, లేవలేక, కూర్చునే తోక ఊపింది. దగ్గర్లో మేకలు కాస్తున్న ఆవిడ అది చూసి నవ్వింది. "ఏ బండొచ్చినా గట్లనే ఊపుతది," అంది. కాసిని నీళ్ళయినా పోశావా అని అడిగితే, మేకలకే లేవని చెప్పి వాటిని తోలుకుని వెళ్ళిపోయింది.

దాన్ని ఎత్తుకుని షెడ్డుకి తెచ్చేసరికి తమ్ముడు ఇంకా లాప్‌టాప్ ముందే ఉన్నాడు. కుక్కను వాడి కాళ్ళ దగ్గర దింపాను. వాసనకి వాడు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ముసలివాటినీ రోగిష్టివాటినీ ఎవరూ తీసుకోరని, మొదట్లో అడిగి చూశానని, అన్నిటికీ జీవితాంతం తిండి పెట్టడం మన వల్ల అయ్యే పని కాదని మామూలు గొంతుతో చెప్పాడు. తర్వాత తెర నా వైపు తిప్పాడు.

"చదువు. ఆశ్రయం అని కొట్టినవాళ్ళెంతమంది, వదిలించుకోవడం అని కొట్టినవాళ్ళెంతమంది? వాళ్ళు అడిగిందే నేను చేశాను. ఎలా చేస్తామో తెలియకుండా ఉండటం కోసమే వాళ్ళు మన దగ్గరికి వచ్చారు."

"మంచి ఇళ్ళకి ఇద్దామన్నావు కదరా."

"నిశ్చింతగా వెళ్ళండని రాసింది నువ్వేగా. నిశ్చింతగానే వెళ్ళారు. ఒక్కళ్ళయినా మళ్ళీ ఫోన్ చేసి ఎలా ఉందని అడిగారా?"

ఒక్కళ్ళూ అడగలేదు. కుక్కను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

చెవి శుభ్రం చేసి, సెలైన్ ఎక్కించారు. ఏం పెట్టినా మూతి తిప్పుకుంటోంది. అలవాటైన గొంతు వింటే తింటుందేమోనని ఆ భార్యాభర్తలకి ఫోన్ చేశాను. ఆమె ఎత్తింది. ఏం జరిగిందో దాచకుండా చెప్పి, ఒక్కసారి ఫోన్‌లోనే దాన్ని పేరు పెట్టి పిలవమని బతిమాలాను.

"దాని కోసం ఏడవాల్సిందంతా ఏడ్చేశామండీ. మళ్ళీ మొదలుపెట్టలేం," అంది.

ఫోన్ పెట్టేసి నా నంబరు బ్లాక్ చేసింది. ఆ సాయంత్రమే మా పేజీ మీద ఇంకో ఒక్క స్టార్ పడింది. కుక్కను అప్పగించాక కూడా ఫోన్లు చేసి విసిగిస్తారు, వెళ్ళకండి అని.

వెబ్‌సైట్ నా పేరు మీదే ఉంది కాబట్టి మొత్తం తీసేశాను. మ్యాప్‌లో శాశ్వతంగా మూసేశామని పెట్టాను. పేజీ తీసేసినా కొన్నాళ్ళు వెతుకులాటలో దాని ఆనవాళ్ళు మిగులుతాయి. తొలగించమని విడిగా అడగాలి. అదీ అడిగాను. తమ్ముడు నన్ను ఆపలేదు. ఆ ఖాళీ ఖాళీగా ఉండదులే అక్కా అని మాత్రం అన్నాడు. కొద్ది వారాలకే అదే మాటకి ఇంకెవరిదో పేజీ ముందుకొచ్చింది. తెరిచి చూస్తే నేను దిద్దిన తెలుగే, ఒక్క అక్షరం మారలేదు. కాపీ అని ఫిర్యాదు చేసి దాన్ని తీయించాను. మరొకటి వచ్చింది.

తమ్ముడి మీద పోలీసులకి కూడా రాసిచ్చాను. జరిమానా కట్టి బయటపడ్డాడు. ఇప్పుడు అదే మైలార్‌దేవ్‌పల్లిలో కూర్చుని వ్యాపారాలవాళ్ళకి పేజీలు పైకి తెచ్చిపెడుతున్నాడు. బాగానే నడుస్తోందట. అమ్మ మాత్రం కుక్కల కోసం తోడబుట్టినవాణ్ణి స్టేషన్ మెట్లెక్కించానని నాతో మాట మానేసింది. లాబ్రడార్‌ను మేమే పెంచుకున్నాం. ఇంట్లో గోడలు నేర్చుకుంది, గిన్నె ఎక్కడుందో నేర్చుకుంది, మావారి అడుగుల చప్పుడు గుర్తుపట్టేది. వానాకాలం వెళ్ళేలోపు పోయింది.

షెడ్డు రేకులు అమ్మిన రోజున చివరిసారి అటు వెళ్ళాను. బాపు పక్క వెంచర్ గేటు దగ్గర కాపలాకి కుదిరాడు. చేతిలో పొడుగాటి కర్ర, జేబు నిండా కంకర రాళ్ళు. ప్లాట్లు చూడటానికి జనం వచ్చే రోజుల్లో కుక్కలు కనపడకూడదని యజమాని చెప్పాడట. మా షెడ్డు ఉందని అలవాటుగా కుక్కల్ని తెచ్చి గోడ పక్కన వదిలేసేవాళ్ళు ఇంకా ఉన్నారట.

"రాయి ఇసిరితే పోతయ్ బిడ్డా. జర సేపైనంక మల్ల వస్తయ్. ఏడికి పోతయ్ మరి," అన్నాడు.

ఆయనకివ్వాలని తెచ్చిన పళ్ళు ఇవ్వబోతే తీసుకోలేదు. కారు గేటు ముందు నుంచి తీయమన్నాడు.

"ఇగ నువ్వు ఈ దిక్కు రాకు. నిన్ను జూస్తే అవన్నీ యాదికొస్తయ్. రాత్రి అన్నం తినబుద్ధి గాదు నాకు."

పళ్ళ సంచి వెనక సీటులో పెట్టుకుని కారు తిప్పాను. ఆయన అప్పటికే ప్లాట్లు చూడటానికి వచ్చిన ఇంకో కారుకి గేటు తీస్తున్నాడు.