నా టమాట మొక్కకు కొబ్బరికాయ కొట్టారు

టమాటకు రోజంతా ఎండ తగలాలని ఫోన్లో ఎవడో చెప్పాడు. వాడొచ్చి మా సిరిసిల్ల ఎండలో గంటసేపు నిలబడాలి! నా మొక్కలన్నీ మాడి ఒక్కటే మిగిలింది. దాని నీడకోసం, నేను చీరలు నేసే సాంచాల షెడ్డులో పక్కన పడేసిన ఎర్రచీర తెచ్చి, మా ఇంటి గేటు పక్కనున్న కుండీ చుట్టూ కర్రలు పాతి, పైన కప్పి డ్యూటీకి పోయాను.

సాయంత్రం వచ్చి చూస్తే కుండీకి పసుపు, కుంకుమ. ముందు కొబ్బరిచిప్పలు. పక్కింటి లచ్చవ్వ చెంబుతో నీళ్లు పోస్తోంది.

"అవ్వా, గది టమాట చెట్టు! గన్ని నీళ్లు పోస్తే కుళ్లిపోతది!"

"లెంపలేసుకో కొడకా! పొద్దుగాలసంది వాడకట్టంత మొక్కుతుంటే చెట్టంటవేంది?"

"మరి కాయలు?"

"అమ్మవారి కాయలు తెంపుతవా?"

ఎండ నుంచి మొక్కను కాపాడాను. భక్తుల నుంచి కాపాడే ఉపాయం ఎవరికైనా తెలిస్తే తొందరగా చెప్పండి. రేపు శుక్రవారం.