జొన్నచేలో నుంచి పాలపుంత

నిన్న నందిగామ రోడ్డు మీద జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడి ఉండగా, పచ్చి జొన్నచొప్ప వేసుకుని ఒక ట్రాక్టరు నన్ను రాసుకుంటూ పోయింది. అప్పుడే కోసిన చొప్పకు ఒక తీపివాసన ఉంటుంది. అది తగలగానే తలెత్తి ఆకాశంలోకి చూశాను. పట్టపగలు, అక్కడేమీ లేదు. ఈ అలవాటు నాకు ఎస్తేరమ్మ టీచరుగారి నుంచి వచ్చింది.

ఆమెది మా పొలాల అవతలి గూడెం. కూలికి పోయే ఇంట్లో పుట్టి, క్రైస్తవ మిషను వారి దగ్గర చదువుకుని మా ఊరి బడికే టీచరుగా వచ్చారు. మాది జమీందారీ ఇల్లు. బళ్ళో నన్ను 'నువ్వు' అనేవారు. బడి గడప దాటితే 'మీరు'. ఆ రెంటికీ మధ్య ఆమె ఏనాడూ తడబడలేదు. ఒకరోజు మా తరగతి మొత్తాన్నీ నిలువెత్తు పెరిగిన జొన్నచేలోకి నడిపించుకుపోయారు. "పక్కకి చూడండి. ఏం కనబడుతోంది?" అన్నారు. "చొప్పండీ!" "ఇటు?" "ఇటూ చొప్పేనండీ!" "ఇప్పుడు పైకి చూడండి." పైన ఉత్త ఆకాశం. "పాలపుంత ఇలాంటి చేనే. చుక్కల చేను. చదునుగా పరుచుకుని ఉంది. మనం దాని లోపలే ఉన్నాం గనక, చేను పొడవునా చూస్తే చుక్కలు ఒత్తుగా కలిసిపోయి తెల్లటి దారిలా అగపడతాయి. పైకి చూస్తే పల్చన." ఆ చేనులో మనం ఎక్కడున్నామని అడిగింది నేనే. "నడిమధ్యన" అన్నారు. నాకు తృప్తి కలిగింది. మా ఇంటివాళ్ళు ఏ సభలోనైనా కూర్చునేది అక్కడే.

పన్నెండేళ్ళు గడిచాయి. నాన్నగారు పోయారు. జమీందారీలు రద్దయి, భూములు కొలిచేందుకు సర్వే అమీను వచ్చి మా ఊరి బయట డేరా వేశాడు. మా వైపు బళ్ళు నడిచే మట్టిదారిని డొంక అంటారు, పుంత అన్నా అదే. గూడెం నుంచి ఊళ్ళోకి వచ్చే డొంకను మా తాతగారు ముళ్ళకంచెతో మూయించి చేనులో కలిపేశారు. గూడెంవాళ్ళు మైలు దూరం చుట్టు తిరిగి వచ్చేవారు. అది మా సొంత చేనేనని ఇంట్లో విన్న మాటే అమీనుతో చెప్పాను. వారం తిరక్కుండా ఇంట్లో పాతపెట్టె వెతుకుతుంటే ఒక పటం దొరికింది. అందులో ఆ చోట 'డొంక' అని స్పష్టంగా రాసి ఉంది. మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. అన్నీ పోయినా మా ఇంటి మాటకు విలువ మిగిలిందని నా నమ్మకం. ఆ మాటను నేనే తిరిగి తీసుకోవడమా?

ఆ కార్తీకంలోనే టీచరుగారు మా ఇంటికి వచ్చారు. వసారాలో కుర్చీ చూపించినా కూర్చోలేదు. "బాబుగారూ, మీకు బళ్ళో ఓ తప్పు చెప్పానండి. దిద్దుకోవాలి. మనం పాలపుంత నడిమధ్యన లేమంట. నేను చదివింది పాత పుస్తకం. ఇప్పుడు కొత్తది దొరికింది. మధ్య ఎక్కడో దూరాన ఉందంట, మనం ఇవతల పక్కకి ఉన్నామంట."

"ఇది చెప్పడానికి ఇంత దూరం వచ్చారా?"

"ఇంకా చాలామంది ఉన్నారండి. రేపు జగ్గయ్యపేట పోయి శేషయ్యకి చెప్పాలి."

మర్నాడు నాకూ అక్కడ పని ఉండటంతో బొగ్గుతో నడిచే ఒకే బస్సులో వెళ్ళాం. శేషయ్య నాతో చదివినవాడు, అక్కడ మిర్చి కొట్టు నడుపుతున్నాడు. ఆమె చెప్పిందంతా చేతులు కట్టుకుని విని, "అయితే ఇప్పుడు కొట్టు ఎటు జరపమంటారండీ?" అన్నాడు. గుమాస్తాలు పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వి, "కొట్టు జరపక్కర్లేదు గానీ, నీ పిల్లలకి మాత్రం నడిమధ్యన అని చెప్పకు" అన్నారు.

"చెప్పనండి. మరీ అంచునా ఏంటి?"

"మరీ అంచునా కాదులే. మధ్యకీ అంచుకీ నడుమ."

"మా కొట్టు లాగేనన్నమాట! బజారు మధ్యా కాదు, ఊరి చివరా కాదు."

తిరిగి వచ్చి బస్సు దిగేసరికి చీకటి పడింది. ఊళ్ళోకి నడుస్తుంటే పాలపుంత నెత్తిమీదుగా పరుచుకుని ఉంది. దాని సంగతులు టీచరుగారు చెబుతూ వచ్చారు. మొదట్లో అదంతా పొగలాంటి వాయువేనట. తిరుగుతూ తిరుగుతూ చదునైందట. సూర్యుడు మనందరినీ వెంటబెట్టుకుని దాని మధ్య చుట్టూ ఒక్కసారి తిరగడానికి ఇరవై కోట్ల ఏళ్ళు పడుతుందట. ఉత్తరాన ఒక మసక చుక్కను చూపించి, "అది చుక్క కాదండి, ఇంకో పాలపుంత. మనవైపే వస్తోందంట" అన్నారు.

"వచ్చి?"

"ఏమవుద్దో ఇంకా తెలీదంటున్నారు. తెలిశాక చెబుతా."

నేను ఉండబట్టలేక, "ఈ సంగతి వాళ్ళెవరికీ అవసరం లేదు కదండీ?" అన్నాను.

"అవసరం వాళ్ళది కాదండి. చెప్పింది నేను."

ముళ్ళకంచె దగ్గరికి వచ్చాం. అవతల ఆమె ఇంటి దీపం కనబడుతూనే ఉంది. "నేనిటు పోతానండి" అని, ఆమె ఆ దీపానికి వీపు తిప్పి చుట్టుదారి పట్టారు. నేను అక్కడే నిలబడిపోయాను. నాకు తప్పు చెప్పానని ఒప్పుకోవడానికి నిన్న ఆమె నడిచి వచ్చిందీ ఆ మైలు దారినే.

తెల్లారి పటం తీసుకుని డేరాకు వెళ్ళాను. అమీను దాన్ని చూసి, నన్ను చూసి, "మొన్న మీదే అన్నారు కదండీ?" అన్నాడు.

"తప్పు చెప్పాను. దిద్దుకోండి." వెన్ను వంచకుండానే అన్నాను.

కంచె తీయించిన మూడోనాడు టీచరుగారు డొంక మీదుగా బడికి వస్తూ మా వాకిట ఆగారు. "దిద్దుబాటు చూశానండి" అన్నారు.

"ఎన్ని మార్కులు?"

"ఆలస్యం చేశారు గదా, కొన్ని తీసేశా" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఆ డొంక తారురోడ్డు. ఆమె లేరు. మొన్న జగ్గయ్యపేటలో ఒక పెళ్ళికి వెళ్ళి, ఆ కంచె తీయించింది మా తాతగారేనని నలుగురిలో గొప్పగా చెప్పి వచ్చాను. ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. నిన్న నేను బస్సు కోసం నిలబడింది అందుకే. కంచె వేయించింది మా తాతగారేనని, తీయించింది ఆయన కాదని చెప్పాను. పెళ్ళివారు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "దీనికోసం వచ్చారా తాతగారూ?" అని నవ్వారు. మంచినీళ్ళు ఇచ్చారు. నేను నిటారుగా కూర్చుని తాగాను.