‘ఏంకాదు’ బావ బిగించిన పొయ్యిలు

మా అక్క మొగుడు గ్యాసు పైపులు బిగించే మేస్త్రీ. ఊరంతా ఆయన్ని ‘ఏంకాదు’ అనే పిలుస్తారు. మీటరు మీద గంటకు ఇంత గ్యాసే పోవాలని రాసుంది కదా, ఇంకో పొయ్యి తగిలించొచ్చా అని ఎవరడిగినా ఆయన జవాబు ఆ ఒక్క ముక్కే.

ఆయన పరీక్ష చూసి తీరాలి. ఒక పొయ్యి వెలిగిస్తాడు, నీలం మంట చూసి మీసం దువ్వుతాడు, ఆర్పేస్తాడు. అప్పుడు రెండోది. అన్నీ కలిపి ఒక్కసారి వెలిగించి చూసిన పాపాన పోలేదు. చెబితే వినడు, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

అక్క ఇంట్లోనే వండి ఆఫీసులకు భోజనాలు పంపడం మొదలుపెట్టింది. పెద్ద పొయ్యిలతో పాటు పెద్ద మీటరూ కావాలంది.

“మీటరు దేనికే? ఆ రాతలు పిరికివాళ్ళ కోసం. కాస్త ఎక్కువ లాగితే పేలిపోదులే,” అని పొయ్యిలన్నీ పాత మీటరుకే తగిలించాడు.

మొదటి పెద్ద ఆర్డరు రోజు నేను కూరలు తరగడానికి వెళ్ళాను. వంటింట్లో పెద్ద పొయ్యిలు మండుతున్నాయి. తలుపు వేసిన వెనక గదిలో చిన్న పొయ్యి మీద సన్నని సెగన పాలు కాగుతున్నాయి. సరిగ్గా అప్పుడే బావగారు గ్యాసు గీజరు తిప్పుకుని స్నానానికి దిగారు. మంటలన్నీ కుంగిపోయాయి. ఆయన జలకాలాట ముగిసి గీజరు ఆగాక మళ్ళీ లేచాయి. హమ్మయ్య అనుకున్నాం.

పాలు చూద్దామని అక్క వెనక గది తలుపు తీసింది. పొయ్యి ఆరిపోయి ఉంది. జలుబుతో ముక్కు మూసుకుపోయిన మనిషి, వెలిగిద్దామని లైటరు ఎత్తింది. గుప్పుమన్న వాసన నాకు తగిలింది. చెయ్యి పట్టి ఇవతలికి లాగి, మీటరు పక్కన వాల్వు కట్టేశాను. మంట కుంగినప్పుడు ఆరిన పొయ్యిలోంచి గ్యాసు ఊరికే వస్తూనే ఉందన్నమాట.

బావ తువ్వాలుతో వచ్చాడు. “గాలికి ఆరుంటుంది. ఏం కాదు.”

అక్క లైటరు ఆయన ముందు పెట్టింది. “ఏం కాకపోతే లోపలికెళ్ళి మీరే నొక్కండి.”

బావ చెయ్యి చాచలేదు. ఒక అడుగు వెనక్కి కూడా వేశాడు.

“ఇలా ఎన్ని ఇళ్ళకు బిగించారు?” అంది అక్క.

ఆయన గోడ మీది మీటరు వైపు చూస్తూ నిలబడ్డాడు. దానికి మాత్రం నిజంగానే ఏమీ కాలేదు.