అక్క చేతి ముక్కలు

మా అక్కకు శుభ్రం పిచ్చి. చికెన్ కొట్టు నడిపే మనిషికి ఇంత పట్టింపేమిటని వీధంతా నవ్వేది. కోసిన కోడిని కుళాయి కింద పెట్టి కడిగిందే కడిగేది. ఆ నీళ్లు గోడ మీదా, బల్ల మీదా, తన మోచేతుల మీదా చిందేవి. ఆవిడతో వాదించడం కంటే గోడకేసి తల బాదుకోవడం నయం.

కొట్టులో వదిలితే ఎలుకలు నాకుతాయని మాంసం కొట్టే చెక్కనూ కత్తినీ రోజూ ఇంటికి తెచ్చేది. నీళ్లతో తోమి, ఆ చెక్క మీదే కూరగాయలు కోసేది. పిల్లలు లేరు. ప్రాణమంతా బావ మీదే.

బావకు కడుపులో ఆపరేషన్ అయింది. మాంసం ముట్టవద్దన్నారు. అక్క అక్షరాలా పాటించి, అన్నంతో పాటు పచ్చి కీరదోస ముక్కలు పెట్టేది. కోళ్లమ్మే ఇంట్లో తనకు గడ్డి మేపుతున్నారని బావ వేళాకోళం చేసేవాడు. చేస్తూనే ఇంకో రెండు ముక్కలు అడిగేవాడు.

కొద్ది రోజులకే జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో మందు మీద మందు మార్చారు, దిగలేదు. రక్తంలో చేరిన క్రిమి మందులకు లొంగే రకం కాదని డాక్టరమ్మ చెప్పింది. జబ్బు లేని కోళ్లకు కూడా మందులు మేపితే ఇలాంటివి పుడతాయట. బాగా ఉడికితే చస్తాయట, పచ్చి మాంసం తగిలిన వాటితోనే భయమట.

"మా ఆయన ముక్క ముట్టలేదండీ," అంది అక్క, గెలిచినట్టు.

మరి పచ్చివేం తిన్నాడని, వాటిని దేని మీద కోశారని డాక్టరమ్మ అడిగింది. అక్క చెప్పబోయి మధ్యలో ఆగిపోయింది. అదే కారణమని గట్టిగా చెప్పలేనని డాక్టరమ్మ అంది గానీ, ఆ మాట అక్క చెవికెక్కలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. మందులు మేపినవాళ్లు ఎక్కడో సుఖంగా ఉన్నారు. చేసేదొకరు, అనుభవించేదొకరు.

ఆఖరి మందూ పనిచేయలేదని, ఇక ఏదడిగితే అది పెట్టమని చెప్పిన రోజు బావకు కాస్త తెలివి వచ్చింది. చెక్క సంగతి ఆయనకు మేం చెప్పలేదు. నోరు చేదుగా ఉందని కీరదోస అడిగితే తెచ్చాను.

"నీ చేత్తో రెండు ముక్కలు కొయ్యి," అన్నాడు అక్కతో.

అక్క చేతులు వెనక్కి పెట్టుకుని నా వంక చూసింది. బావకు కనబడకుండా ఆవిడకు కాస్త వెనకగా నిలబడి నేనే కోశాను. బావ ఒక ముక్క కొరికాడు.

"ఇది మీ అక్క కోసింది కాదు," అని పక్కన పెట్టేశాడు.